లక్ష మంది ఉన్న టీచరు

నాకు శాలువా కప్పిన ఎంఈవో గారే, ఏడాది తిరక్కుండా మా బడిలో సగానికి పైగా తీసేస్తున్నట్టు కాగితం కూడా చేతికిచ్చారు. రెండుసార్లూ అదే గది, అదే టేబులు, అదే గాజు గ్లాసులో టీ. మొదటిసారి టీ తాగాను. రెండోసారి తాగలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే అప్పటికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాలో మిగల్లేదు.

నేను గుంటూరులో కాపురం ఉంటూ, చిలకలూరిపేట దాటాక హైవేకి ఇవతల ఉన్న ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేస్తున్నాను. చుట్టూ నల్లరేగడి. ధర ఎటు మొగ్గితే అటు, ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. మా బడి ఊరి చివర కూలీలుండే పాలెంలో, చర్చిని ఆనుకుని ఉంటుంది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, రెండు గదులు, ఒక వరండా, ఇద్దరం టీచర్లం. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక ట్రైనింగులో ఉంటారు కాబట్టి ఒక్కరే అనుకున్నా తప్పులేదు.

వీడియోల సంగతి కరోనా రోజుల్లో మొదలైంది. బళ్లు మూసేశారు. పిల్లలు నేర్చుకున్న నాలుగు అక్షరాలూ మర్చిపోతారని బెంగపడి, మా వంటింట్లో కారం డబ్బాకి ఫోన్ ఆనించి గుణింతాలు పాటలాగా పాడి, మా ఊరి తల్లుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెనకాల గట్టు మీద అంట్లు కనిపిస్తున్నాయని పెట్టిన తర్వాత చూసుకుని సిగ్గుపడ్డాను. ఆ పాటని ఎవరో ఎవరికో పంపారు, వాళ్లు ఇంకెవరికో పంపారు. చానల్ పెట్టమని ఎవరో అంటే పెట్టాను. చూస్తుండగానే లక్ష దాటారు. ‘లక్ష మంది ఫాలోవర్లు ఉన్నావిడకి కుక్కర్ ఎన్నిసార్లు కూసిందో తెలియదు’ అని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఆ లక్ష మందీ దొంగ లెక్క అని నేను అనను. అది అన్యాయం అవుతుంది. కువైట్ నుంచి ఒక తల్లి, వాళ్లబ్బాయి నా పాటలు చూసి నేర్చుకుని నాయనమ్మకి తెలుగులో రాసిన మొదటి ఉత్తరం ఫొటో తీసి పంపింది. ‘నాయనమ్మా నువ్వు బాగున్నావా’ అని వంకరటింకరగా రాశాడు. ఆ ఫొటో చూసి నేను స్టాఫ్ రూము అని మేము పిలుచుకునే బీరువా సందులో కూర్చుని ఏడ్చాను. అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. అవన్నీ నిజాలే.

ఉపాధ్యాయ దినోత్సవానికి మండల కార్యాలయంలో శాలువా కప్పి, ‘లక్ష మంది పిల్లలకు పాఠం చెబుతున్న టీచరమ్మ, మన మండలానికే గర్వకారణం’ అని ఎంఈవో గారు మైకులో చెప్పారు. ఆ రోజు నుంచి ఊళ్లో నా పేరు అదే అయిపోయింది. ఆటో ఎక్కితే డ్రైవరు పక్కవాళ్లతో, ‘ఈమె లక్ష మంది ఉన్న టీచరు’ అని చెప్పేవాడు. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి చోటిచ్చేవాళ్లు. ఈ లక్ష మంది వల్ల నాకు చేతికందిన లాభం చెప్పమంటే, ఆటోలో ఆ జానెడు చోటు ఒకటి ఖాయంగా చెప్పగలను.

అప్పటికే మా బళ్లో పిల్లలు పలచబడుతున్నారు. ఒక్కసారిగా కాదు. ప్రతి జూన్‌లోనూ ఇద్దరో ముగ్గురో పసుపుపచ్చ వ్యాను ఎక్కేవాళ్లు. టౌనులో ఒక ప్రైవేటు స్కూలు వ్యాను అది, మెళ్లో టై, నడుముకి బెల్టు. ముందు రైతుల పిల్లలు ఎక్కారు, తర్వాత పాలెం పిల్లలు కూడా మొదలుపెట్టారు. మిరప కోతలు మొదలైన రోజుల్లో ఎంఈవో గారు నన్ను పిలిపించారు.

‘మేడమ్, మీ బళ్లో మూడు నుంచి ఐదు వరకు పిల్లలు సరిపోవట్లేదు. జూన్ నాటికి పెరక్కపోతే ఆ మూడు తరగతుల్నీ హైవే అవతలి ఊరి స్కూల్లో కలిపేయాలి. ఒకటీ రెండూ మీ దగ్గరే ఉంటాయి’ అన్నారు.

‘లక్ష మంది పిల్లలకి పాఠం చెబుతోందని మీరే కదా సార్ మైకులో చెప్పింది’ అన్నాను. కొంచెం పెడసరంగానే అన్నాను.

‘చెప్పానమ్మా. కాదంటానా? వాళ్లలో ఒక్కళ్లకన్నా మన బళ్లో అడ్మిషన్ ఉందా, ఆధార్ ఉందా, హాజరు పడుతుందా? పైవాళ్లకి నేనేం చూపించను చెప్పండి.’

ఆయన వెటకారంగా అనలేదు. నేను ఏదన్నా దారి చెబుతానేమో అన్నట్టు చూశారు పాపం. నాకు నవ్వొచ్చింది కానీ ఆ నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది.

ఇక్కడ ఒక పిల్ల గురించి చెప్పాలి. ఈ మొత్తం గొడవలో నా ప్రాణం కొట్టుకున్నది దాని కోసమే. మూడో తరగతి. తల్లి మిరప కోతలకీ పత్తి తీతకీ పోతుంది. తండ్రి దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వచ్చేది. వాడు ఒళ్లో నిద్రపోతుంటే ఇది పాఠం వినేది. చదవడం వచ్చాక దానికి అదో పిచ్చి పట్టింది. విత్తనాల ప్యాకెట్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనక రాతలు, ఏదీ వదిలేది కాదు.

ఒకరోజు వరండాలోకి రాగానే, ‘టీచర్, పురుగుమందు డబ్బా మీద పిల్లలకు అందకుండా ఉంచండి అని రాసుంది. మా అమ్మేమో నీళ్ల బిందె పక్కన పెట్టింది. నేనే చదివి చెప్పి అటక మీద పెట్టిచ్చా’ అంది. తల్లికి చదువు రాదు. ఆ తమ్ముడు అప్పుడప్పుడే పాకుతున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను అంత సంతోషపడ్డ రోజులు తక్కువ. ఆ రోజే నా వీడియో ఏదో బాగా తిరుగుతోందని సంచీలో ఫోన్ మోగుతూనే ఉంది. తీసి చూడాలని కూడా అనిపించలేదు.

ఆ పిల్ల తల్లికి వ్యాను స్తోమత లేదు. తరగతి హైవే అవతలికి పోతే ఏం చేస్తావని అడిగాను.

‘రోడ్డు దాటిచ్చేదెవరండీ? మిరపకాయల లారీలు ఎట్టా పోతాయో మీకు తెలవదా?’ అంది. ‘ఆ బళ్లో తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని కూచోనిస్తారా? ఇక్కడుంటే చదువుద్ది. అక్కడికైతే నాతో చేలోకి తీసకపోతా, ఇంకేం చేస్తా.’

దబాయించినట్టు కాదు, రేపు ఏం కూర వండాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

మా ఊళ్లో తల్లులు ఎవరి మాట వింటారని ఎవర్ని అడిగినా మేస్త్రమ్మ పేరే చెబుతారు. కోతల ముఠాని నడిపే మనిషి. రైతులతో బేరం మాట్లాడేది, ఎవరి చేలో ఏ రోజు కోతో తేల్చేది, ఎవరికన్నా ఒంట్లో బాగాలేకపోతే వాళ్లు కోయాల్సిన వరస, అదే సాలు, ఇంకొకరికి అప్పజెప్పేది అన్నీ ఆవిడే. యాభై దాటింది. గొంతు మాత్రం చేనుకి ఆ చివర్నించి ఈ చివరికి వినపడుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి మర్నాటి పని చెప్పడం మా పాలెంలో అలవాటు. ఆడవాళ్లందరూ ఒక్కచోట దొరికేది అప్పుడే. నేను కూడా ఒక ఆదివారం మా గుంటూరు చర్చి మానుకుని అక్కడికి వెళ్లాను.

‘రేపు కాలవ అవతల చేను. ఏడింటికి ఆటో. తలగుడ్డలు మర్చిపోమాకండి, కాయ మంచి ఘాటు మీదుంది’ అంది మేస్త్రమ్మ. అంతే. ఎవరూ ఏమీ అడగలేదు. బైబిళ్లు చంకలో పెట్టుకుని, తలలూపి ఇళ్లకి పోయారు. మర్నాడు ఏడింటికి అందరూ ఆటో దగ్గర ఉంటారని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. అదే నేను ‘మీ పిల్లల్ని మన ఊరి బడికి పంపండి’ అని వీడియో పెడితే, దండం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరేవి. పెట్టి చూశాను కూడా. బొమ్మలే వచ్చాయి, పిల్లలు రాలేదు.

జనం పలచబడ్డాక ఆవిడ దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే మొహం విప్పారింది.

‘టీచరమ్మా, మా మనవడు మీ పాట పెట్టందే ముద్ద మింగడు. పొద్దున మీరే, మాపటేల మీరే. మా ఇంట్లో మనిషైపోయారు’ అంది.

‘మరి వాణ్ణి నా బడికి పంపవేం అక్కా? వ్యాను ఎక్కిస్తున్నావంట.’

‘మీరు ఫోన్లో ఉన్నారు కదండీ.’

నాకు అర్థం కాలేదు. ఆవిడ నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ‘వ్యాను బళ్లో ఇంగ్లీషు. ఇంటికాడ మీ దగ్గర తెలుగు. రెండూ వస్తన్నాయి పిల్లోడికి. మీ బళ్లో ఏస్తే మీ తెలుగొక్కటే దక్కుద్ది. ఫోన్లో ఎటూ ఉన్న మనిషి కోసం మళ్లా బడికెందుకు?’

ఊరి తల్లులు నన్ను వదిలేశారని ఏడుస్తున్నాను ఇన్నాళ్లూ. వాళ్లు వదల్లేదు. నా లక్ష మందిలో వాళ్లూ ఉన్నారు, ఇంకొంచెం ముందు వరసలోనే ఉన్నారు. నా తరగతి ఖాళీ చేసింది నేనంటే ఇష్టం లేనివాళ్లు కాదు. ఆ సంగతి తెలిసి చర్చి గోడ మీద చతికిలపడ్డాను.

‘ఇంకో మాట చెప్పనా’ అంది ఆవిడ నా పక్కన కూర్చుని. ‘మీరు తొమ్మిదింటికి వస్తారు. మేం ఏడింటికి ఆటో ఎక్కుతాం. మధ్యలో పిల్లోళ్లని ఎవురు చూడాలి? వ్యానోడు ఆరున్నరకి వాకిట్లోకి వచ్చి ఎక్కిచ్చుకుంటాడు. వాడు చదువు చెప్తన్నాడో లేదో మాకేం తెలుసు. టయానికి వస్తాడు.’

మర్నాటి నుంచి నేను ఏడు లోపే వస్తానన్నాను. ఆవిడ నమ్మలేదు. ‘రండి చూద్దాం’ అంది.

వచ్చాను. తెల్లారకముందే మా ఆయన బండి మీద బస్టాండుకి, అక్కణ్ణించి మొదటి బస్సు, దిగాక పొలాల మధ్య నడక. చలికాలం మంచులో మిరప చేల మీద నుంచి వచ్చే గాలికి ముక్కు మండేది. నలభై దాటిన మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. వ్యాను ఎక్కని పిల్లలు వరండాలో నా చుట్టూ చేరేవాళ్లు. ఆ పిల్లా, దాని తమ్ముడూ అందరికంటే ముందు ఉండేవాళ్లు. వాడికి బిస్కెట్టు ఇస్తే సగం తిని సగం నా చీరకి రాసేవాడు. అలా కోతలు ముగిసేదాకా చూసి, మేస్త్రమ్మ ఒకరోజు ఆటో ఎక్కబోతూ, ‘జూన్‌లో మా మనవణ్ణి మీ బళ్లో ఏస్తానండీ. నేనేస్తే మిగతావాళ్లు ఏస్తారు’ అని అరిచింది. ఆ మాట నాకు శాలువా కంటే వెచ్చగా తగిలింది. బస్సులో ఇంటికి పోతూ లెక్కేసుకున్నాను, ఈ పిల్ల ఐదో తరగతి దాకా ఇక్కడే ఉంటుందని.

ఆ ఉరుకులాటలో వీడియోలు ఆగిపోయాయి. సాయంత్రం ఇంటికి చేరితే వంట చేయడమే గగనం, ఇక పాటలు పాడే ఊపిరి ఎక్కడిది? కొన్నాళ్లు ‘మేడమ్ ఒంట్లో బాగుందా’ అని అడిగారు. తర్వాత అడగడం మానేశారు. వాళ్లకి వేరే పాటలు దొరికి ఉంటాయి. బాధేసింది, అబద్ధం ఎందుకు. కానీ బడి నిలబడుతుందన్న ధీమాలో అదంత లెక్కలోకి రాలేదు. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చారు. ఆ వేసవి అంతా గుంటూరు ఎండలో తలుపులేసుకుని పడి నిద్రపోయాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు వరండాలో ఆ పిల్లా, ఇంకో నలుగురు తప్ప ఎవరూ లేరు. రోడ్డు మీద వ్యాను నిండుగా పోయింది. కిటికీలోంచి మేస్త్రమ్మ మనవడు నన్ను చూసి నోరెళ్లబెట్టాడు.

సాయంత్రం మేస్త్రమ్మ ఇంటికి వెళ్లాను. నన్ను చూసి ఆవిడ కూడా నోరెళ్లబెట్టింది.

‘మీకు ట్రాన్స్‌ఫర్ అయ్యిందిగా?’

‘ఎవరు చెప్పారు?’

‘ఎవరో చెప్పేదేంది. మీరు ఫోన్లో రాటంలా. ఎండాకాలం అంతా పిల్లోడు వెతికాడు. పాతయ్యే గానీ కొత్తది ఒక్కటీ లేదు. ఫోన్లోనే లేకపోతే ఇంక బళ్లో యాడుంటారు అనుకున్నాం. టీచరమ్మ పోయింది, బడి ఎత్తేస్తారంట అని ఊరంతా అనుకున్నారు. అందరం వ్యానుకి కట్టేశాం.’ నిజంగా బాధపడుతూ, ‘ఒక్క వీడియో పెట్టినా ఆగిపోయేవాళ్లం కదండీ’ అంది.

చలికాలం అంతా రోజూ పొద్దున్నే వాళ్ల కళ్ల ముందు మంచులో నడిచొచ్చిన మనిషిని నేను. సెలవుల్లో టీచరు ఊళ్లో ఉండదని వాళ్లకి తెలుసు. అయినా నేను ఉన్నానో పోయానో ఫోన్‌నే అడిగారు. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియక, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఆ రాత్రి వీడియో పెట్టాను. పాట కాదు. మా బడి సంగతి చెప్పాను, మూడు తరగతులు పోతున్నాయని చెప్పాను. నా పాటలన్నిటికంటే అదే ఎక్కువ తిరిగింది. ‘ప్రభుత్వ బడులను కాపాడుకుందాం’ అని ఎక్కడెక్కడి వాళ్లో రాశారు. వాళ్లలో ఒకాయన పేరు నొక్కి చూస్తే, పిల్లలిద్దరూ బెంగుళూరులో పెద్ద ఇంటర్నేషనల్ స్కూలు మెట్ల మీద నిలబడ్డ ఫొటో ఉంది. ఆయన్ని అనడానికి నాకేం హక్కుంది, మా అబ్బాయి మాత్రం సర్కారు బళ్లో చదివాడా? ఇంత గొడవకీ కదిలిన మనిషి ఒక్కరే. ఎంఈవో గారు ఫోన్ చేసి, ‘ఏందమ్మా ఇది, పైనుంచి నన్ను అడుగుతున్నారు’ అని చిరాకు పడ్డారు. వారం తిరిగేలోపు పిలిచి కాగితం ఇచ్చారు. ఆ రోజే టీ తాగకుండా వచ్చేశాను.

ఆ పిల్ల రెండు మూడు రోజులు మామూలుగానే వరండాలోకి వచ్చి కూర్చుంది. హాజరు పిలిచేటప్పుడు తన పేరు కోసం చూసేది. ‘నీ తరగతి ఇక్కడ లేదమ్మా’ అని చెప్పాల్సింది నేనే, చెప్పాను. హైవే దాకా తోడు తీసుకెళ్లి దాటిస్తానన్నాను, కొన్నాళ్లు దాటించాను కూడా. తమ్ముణ్ణి నా ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాను. వాడు అక్క కావాలని గుక్కపట్టి ఏడిచేవాడు. ఒకరోజు మా బస్సు ఆలస్యమైంది. ఇంకోరోజు ట్రైనింగన్నారు. ఆ తర్వాత పత్తి తీత మొదలైంది, ఆ పిల్ల రావడం ఆగిపోయింది. తల్లి ముందే చెప్పింది, చెప్పినట్టే చేసింది.

రెండు గదుల్లో ఒకటి ఖాళీ అయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నపిల్లలు నిద్రపోతారు. వెలుతురు బాగుంది, నల్లబల్ల ఉంది, అంట్లు కనపడవు. అక్కడే మళ్లీ వీడియోలు తీయడం మొదలుపెట్టాను. ఎందుకంటే నాకే సరిగ్గా తెలియదు. కువైట్‌లో ఆ అబ్బాయి ఎదురుచూస్తుంటాడని ఒకపక్క. అలవాటు ఒకపక్క. పోయినవాళ్లు పోగా కొత్తవాళ్లు చేరారు. ‘వెనకాల నిజం క్లాసురూము, చాలా బాగుంది మేడమ్’ అని మెచ్చుకున్నారు.

మొన్న కోతల్లో బస్సు దిగి నడిచొస్తుంటే చేలో ఆడవాళ్లు వరసగా వంగి కాయ కోస్తున్నారు. గట్టు మీద తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల. తమ్ముడికి అది చిన్నదైపోయింది, కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. వరసలోంచి ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. తలకి గుడ్డ, నడుముకి కట్టుకున్న ఒడి నిండా కాయలు. కారం చేతులు నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుంది.

‘టీచర్, మీ వీడియోలు రోజూ చూస్తన్నా. అమ్మ ఫోన్లో. ఒక్కటి కూడా వదిలిపెట్టలా. లైకు కూడా కొడతన్నా’ అంది.

‘మంచిది తల్లీ’ అన్నాను.

‘టీచర్, మీ వెనకాల గోడ పక్క బెంచీ నాదే కదా. రోజూ కనపడతంది.’

‘అవును. నీదే.’

‘ఏయ్, సాలు ఎక్కడ వదిలావే’ అని మేస్త్రమ్మ కేకేసింది. ఆ పిల్ల రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

‘దాన్ని అక్కణ్ణించి తీయమాకండి టీచర్’ అని చెప్పి వరసలోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఖాళీ గదిలో ఫోన్ నిలబెట్టాను. తెర మీద చూస్తే ఆ బెంచీ సగమే కనిపిస్తోంది. వెళ్లి, నేలకి ఈడ్చుకుంటూ, మొత్తం కనపడేలా మధ్యలోకి జరిపాను. మీద దుమ్ము ఉంటే కొంగుతో తుడిచాను. తర్వాత దాని ముందు నిలబడి పాఠం మొదలుపెట్టాను.